గెడ్డని గెడ్డ అనే రాసే దుకాణం: బరంపురం, కోర్టుపేట

ఒడిశాలోని బరంపురం కోర్టుపేటలో ఈ దుకాణం వెతుక్కోవడానికి నాకు అరగంట పట్టింది. బోర్డు మీద ‘జెరాక్స్, టైపింగ్, లామినేషన్’ అని ఒడియాలో ఉంటుంది. తెలుగు దస్తావేజులు ఇంగ్లీషులోకి మారుస్తారన్న మాట ఎక్కడా ఉండదు. జెరాక్స్ మిషన్ పక్కనుంచి ఇనప మెట్లెక్కితే పైన ఒక గది, రెండు బల్లలు, ఒక కంప్యూటరు, కిటికీ దగ్గర డెబ్బై దాటిన ఒక పెద్దాయన. తెలిసినవాళ్లు ‘మేడ మీద మాస్టారు’ అంటారు. కింద కుర్రాణ్ణి ఆ పేరుతో అడిగితేనే మెట్లు చూపిస్తాడు.

ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఉంది. మా వైపు చాలా ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున తెలుగు దస్తావేజులు పడి ఉన్నాయి. పర్లాకిమిడి కానివ్వండి, గుణుపురం, రాయగడ, బరంపురం కానివ్వండి, 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రం కాకముందు రాసిన భూమి కాగితం బయటికి తీస్తే చాలావాటిలో తెలుగే. పిల్లలు ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో చదువుకున్నారు. ఆ కాగితాలతో పని పడిన రోజున ఊరంతా తిరిగినా చదివి పెట్టేవాళ్లు దొరకరు. నాకు ఆ పని కటక్ హైకోర్టు వల్ల పడింది.

ముందు నా సంగతి. పర్లాకిమిడిలో చిన్న ఫోటో స్టూడియో నాది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, చనిపోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేయడం, ఇదే వ్యాపారం. మా తాతగారు 1932లో కొన్న పొలం ఒకటి ఉంది, 68 సెంట్లు. కొత్త పట్టాలు వచ్చాక భూలేఖ్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వ భూమి రికార్డుల సైటులో, తెరిచి చూస్తే అందులో 19 సెంట్లు మా ఖాతాలో లేవు. ఉత్తరం వైపు ముక్కని ‘అబాద జోగ్య అనాబాది’ అని రాసేశారు. అంటే సాగుకి పనికొచ్చే సర్కారు బంజరు. కింది రెవెన్యూ అధికారి దగ్గర పెట్టుకున్న అర్జీ కొట్టేశారు. ఆ ఉత్తర్వు మూడుసార్లు చదివాను. మా దస్తావేజు చూశామని గానీ, చూసి నమ్మలేదని గానీ అందులో ఒక్క ముక్క లేదు. తెలుగులో ఉంది కాబట్టి ఫైల్లో అలాగే పడి ఉంది.

కటక్‌లో మాట్లాడుకున్న వకీలు మొదటి రోజే చెప్పేశారు. హైకోర్టు మన పొలం గట్టు కొలవదు, సాక్షుల్ని పిలవదు. కింది అధికారి చూడాల్సిన కాగితం చూశాడా, వినాల్సిన మాట విన్నాడా, తన అధికారం దాటాడా, అంతవరకే చూస్తుంది. అందుకే రాజ్యాంగం 226, 227 అధికరణల కింద రిట్, అంటే హైకోర్టునే నేరుగా కలగజేసుకోమనే అర్జీ, వేద్దామన్నారు. ‘ఆ కాగితం మాత్రం ఇంగ్లీషులో కావాలి’ అన్నారు. హైకోర్టులో వ్యవహారం ఇంగ్లీషులోనే నడవాలని రాజ్యాంగం 348వ అధికరణలోనే ఉందట. ఒడియా కాగితానికైనా ఇంగ్లీషు ప్రతి జతచేయాల్సిందే. ఒడియా నుంచి చేసేవాళ్లు కటక్‌లో అడుగడుక్కీ ఉంటారు. తెలుగు నుంచి, అదీ తొంభై ఏళ్ల నాటి గొలుసుకట్టు రాత నుంచి చేసేవాళ్లని నేనే వెతుక్కోవాలి.

అక్కడ నేను చేసిన తప్పు ఒప్పుకుంటాను. తొందరపడి కటక్‌లోనే ఒక దుకాణంలో ఇచ్చేశాను. పేరు రాయను. మూడు పేజీలు, గంటలో చేతికిచ్చారు, తొమ్మిది వందలు తీసుకున్నారు. లోపల ఎవరో తెలుగు కుర్రాడికి ఫోన్ చేసి, ఫోటోలు పంపి, అతను చెప్పింది టైపు కొట్టినట్టున్నారు. కాగితం నీటుగా ఉంది, స్టాంపు ఉంది, స్పైరల్ బైండింగ్ కూడా వేసి ఇచ్చారు. నేను సంతోషంగా రైలెక్కాను.

మర్నాడు వకీలు జూనియర్ ఫోన్ చేశాడు. ‘సార్, మీ దస్తావేజు మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలం నాటిదా?’ అన్నాడు. దస్తావేజులో ‘ఫసలీ 1342’ అని ఉంది. దాన్ని ‘1342వ సంవత్సరంలో’ అని దింపేశారు. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. మద్రాసు లెక్కలో దానికి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, జులై నుంచి జూన్ దాకా ఒక ఫసలీ. అంటే 1932-33. ఇంకో చోట ‘ఆంగీరస నామ సంవత్సర కార్తీక మాసం’ అని ఉంటే, ‘ఆంగీరస అనే వ్యక్తి సమక్షంలో’ అని రాశారు. లేని సాక్షి ఒకడు పుట్టుకొచ్చాడన్నమాట.

ఈ రెండూ నవ్వుకునేవి. మూడోది మా అమ్మ పట్టుకుంది. అమ్మకి 81 ఏళ్లు. ఇంగ్లీషు రాదు. ఆ రాత్రి ఆ అనువాదాన్ని మళ్లీ తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, దగ్గరికి వచ్చాను. తూర్పు ఫలానావారి జిరాయితీ మడి, దక్షిణం బండి దారి, పడమర మదుం, చింతచెట్టు, ఉత్తరం మట్టిదిబ్బ.

‘దిబ్బేటిరా?’ అంది అమ్మ. ‘అక్కడ దిబ్బెప్పుడుంది?’

‘ఇందులో అలాగే ఉందమ్మా.’

‘గెడ్డ కదరా అది. కోడలిగా వచ్చిన కొత్తలో నేను బట్టలుతికింది ఆ గెడ్డలోనే. వానాకాలం మీ నాన్న దాటలేక అవతలే ఉండిపోయేవాడు. గెడ్డెక్కడికి పోయింది?’

అసలు కాగితం తీసి భూతద్దం పెట్టి చూశాను. ‘ఉ’ అని, పక్కన ‘గెడ్డ’ అని స్పష్టంగా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, మా పర్లాకిమిడి వైపు కొండల మీంచి దిగే వాగుని గెడ్డ అంటాం. ఆ కుర్రాడు ఏ కృష్ణా జిల్లా వాడో, గడ్డ అనుకున్నాడు, గడ్డంటే దిబ్బ అనుకున్నాడు. అతన్నీ తప్పు పట్టలేను. కానీ నా కేసంతా ఆ ఒక్క మాట మీదే ఉంది. మా పొలం గెడ్డ దాకా ఉందంటే ఆ 19 సెంట్లు మావి. ఎక్కడుందో తెలియని దిబ్బ దాకా ఉందంటే, దిబ్బకీ గెడ్డకీ మధ్యనున్నది సర్కారుది అనొచ్చు. నా చేత్తో నేనే డబ్బిచ్చి, నాకు వ్యతిరేకంగా కాగితం రాయించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం రోజులు ఒకటే టెన్షన్.

మేడ మీద మాస్టారి గురించి చెప్పింది పాతపట్నంలో ఉండే మా పెదనాన్న కొడుకు. పాతపట్నం మాకు పక్కూరే, కానీ ఆంధ్ర. అన్నయ్య మామగారిది కూడా ఇలాంటి కాగితమే, ఆయనే చేసి పెట్టారట. పర్లాకిమిడి నుంచి బరంపురం పోవడం ఒక తమాషా. ఇచ్ఛాపురం మీదుగా పోయే బస్సైతే ఒడిశాలో ఎక్కి, ఆంధ్రంతా తిరిగి, మళ్లీ ఒడిశాలో దిగుతాం. రైలైనా అంతే. 1900లో గజపతి రాజావారు వేయించిన చిన్న లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది గానీ, అది కలిసేది నౌపడలో, అది ఆంధ్ర.

మాస్టారి పద్ధతి చెప్తాను. దుకాణానికి రివ్యూ అంటే అసలు చెప్పాల్సింది ఇదే.

కాగితం చేతిలో పెట్టగానే ఆయన మొదట రేటు చెప్పరు. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తారు. ఐదో జార్జి తల, స్టాంపు వెనక రాసిన వెండరు సంతకం, రిజిస్ట్రారు ఆఫీసు ముద్ర, అన్నీ అయ్యాక బల్ల మీద పరిచి నాలుగు మూలలా చిన్న ఇత్తడి తూకపు రాళ్లు పెడతారు. నేను ఫోటోలవాణ్ణి, పాత కాగితం ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు, చాలామందికి తెలీదు. ఆయన వేళ్లు అక్షరాల మీద పడవు, అంచుల మీదే ఉంటాయి. అప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది.

తర్వాత మొత్తం దస్తావేజు పైకి చదువుతారు, మధ్యలో ఆగరు. గొలుసుకట్టు రాత, పదాల మధ్య ఖాళీ లేదు, తెలుగు అంకెలు. ‘య 0-68’ అన్నచోట ‘య అంటే యకరం, ఇంటిపేరు కాదు’ అని టైపు చేసే అమ్మాయికి చెప్పారు. ఆ పిల్ల ఒడియా పిల్ల, తెలుగు అర్థమవుతుంది. ఆయన నాతో తెలుగు, ఆమెతో ఒడియా, కాగితంతో ఇంగ్లీషు.

చదివాక మనచేత ఒక పని చేయిస్తారు. ఆయన చెప్తుంటే మనం తెలుగులో సాపు ప్రతి రాయాలి. ‘నీకే అర్థం కాని కాగితం నేను ఇంగ్లీషు చేసి ఏం లాభం బాబూ?’ అంటారు. స్కూలు వదిలేసి నలభై ఏళ్లయింది, చెయ్యి నొప్పెట్టింది. కానీ మా తాతగారు ఎవరి దగ్గర కొన్నారో, ఎంత బాకీ తీర్చడానికి వాళ్లు అమ్ముకున్నారో, డబ్బు ఎన్ని విడతల్లో ఇచ్చారో మొదటిసారి తెలుసుకున్నది ఆ సాపు ప్రతి రాస్తున్నప్పుడే. ఆ ప్రతి ఇంటికి తెచ్చి అమ్మకి చదివి వినిపించాలి. ఆమె ఒప్పుకున్నాకే ఇంగ్లీషు మొదలు. దీనికే వారం పోతుంది.

రెండోసారి వెళ్లినప్పుడు గెడ్డ దగ్గరే పేచీ వచ్చింది. వకీలు జూనియర్ ఫోన్లో నాకో సలహా ఇచ్చాడు. ‘కాలువ’ అని రాయించండి సార్, జడ్జిగారికి వెంటనే అర్థమవుతుంది అని. నాకూ బాగానే ఉందనిపించి అడిగాను. మాస్టారు పెన్ను కింద పెట్టేశారు.

‘కాలువ మనిషి తవ్వింది. గెడ్డ కొండ తవ్వింది. కాగితంలో ఏదుంది?’

‘గెడ్డ.’

‘మరి నేనేం రాయాలి?’

ఇంగ్లీషులో కూడా ‘గెడ్డ’ అనే ఉంచారు. నంబరు వేసి కింద రెండు వరుసల వివరణ ఇచ్చారు: ఈ ప్రాంతపు తెలుగులో కొండ మీంచి వచ్చే వాగుకి వాడే మాట, వేసవిలో ఎండుతుంది. ‘మదుం’ కూడా అలాగే ఉంచి, తూము అని అర్థం ఇచ్చారు. ఫసలీ పక్కన మామూలు సంవత్సరం, ఆంగీరస పక్కన అది అరవై సంవత్సరాల వరసలో ఒకటి అన్న వివరణ. ఒక చోట పురుగు తినేసిన మూడు అక్షరాలున్నాయి. అవేమై ఉంటాయో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ‘కాగితం చిరిగి చదవడానికి వీల్లేదు’ అని రాశారు. రాయొచ్చు కదా అన్నాను. ‘కనిపించని అక్షరం ఒకటి రాస్తే, కనిపించేవి కూడా ఎవరూ నమ్మరు’ అన్నారు. ఆ మాటకి నాకు కొంచెం కోపమే వచ్చింది, ఎందుకంటే ఆ మూడు అక్షరాలు మా ముత్తాత ఇంటిపేరు.

మొదటి పేజీ తలకట్టు దగ్గర ఇంకో చిన్న గొడవ. అమ్మాయి ‘హైకోర్ట్ ఆఫ్ ఒడిశా’ అని కొట్టింది. మాస్టారు చెరిపించి ‘ఒరిస్సా’ అని పెట్టించారు. 2011లో రాష్ట్రం పేరు మారింది గానీ హైకోర్టు పేరు మారలేదు. ఇప్పటికీ ఒరిస్సా హైకోర్టే. ఆ పిల్లకీ తెలీదు, నాకూ తెలీదు.

టీ వచ్చింది. ఆయనే అడిగారు.

‘ఈ కాగితం పుట్టినప్పుడు దీనికి పెద్ద కోర్టు ఏది?’

‘కటక్ కదా మాస్టారూ.’

‘1932లో కటక్‌లో హైకోర్టెక్కడిది? పర్లాకిమిడి గంజాం జిల్లా. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. మీ తాత తగువు పెట్టుకుని ఉంటే మద్రాసు వెళ్లేవాడు.’

తర్వాత వేళ్ల మీద లెక్క చెప్పారు. మద్రాసు హైకోర్టు 1862లో వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, మేము ఇటు వచ్చాం. కానీ రాష్ట్రం వచ్చింది గానీ హైకోర్టు రాలేదు. పన్నెండేళ్లు పట్నా హైకోర్టు కిందే ఉన్నాం. పట్నాలో 1916లో హైకోర్టు పెట్టారు, ఆ ఏడాది మే 18న దాని జడ్జీలు మొదటిసారి కటక్ వచ్చి కూర్చున్నారు. అది సర్క్యూట్ కోర్టు, జడ్జీలు వచ్చినప్పుడు ఉంటుంది, వెళ్లిపోతే ఉండదు. మద్రాసు చట్టం కింద పుట్టిన తెలుగు కాగితం పట్నా జడ్జిగారి ముందుకి వెళ్తే ఎలా ఉండేదో ఊహించుకోండి. చివరికి 1948 జులై 26న కటక్‌లో సొంత హైకోర్టు వచ్చింది. సుప్రీం కోర్టుకి ముందున్న ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కనియా వచ్చి ప్రారంభించారు. మొదటి చీఫ్ జస్టిస్ బీరకిశోర్ రే, ఆయనతో పాటు బచ్చు జగన్నాథదాస్, లింగరాజ్ పాణిగ్రాహి, ఆర్. ఎల్. నరసింహం. మొత్తం నలుగురు. ఇప్పుడు మంజూరైన జడ్జీ పోస్టులే 33.

జగన్నాథదాస్ పేరు వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న పోస్టాఫీసులో పనిచేసేవాడు. జీతాల మాటొస్తే ‘దాస్ కమిషన్’ అనేవాడు. ఆ దాస్‌గారే ఈ దాస్‌గారు. 1951లో ఇక్కడ చీఫ్ జస్టిస్ అయ్యారు, 1953లో సుప్రీం కోర్టుకి వెళ్లారు, 1957లో వేసిన రెండో పే కమిషన్‌కి ఆయనే అధ్యక్షుడు.

పాతపట్నంలో మా అన్నయ్య వాళ్ల కథ వేరే. 1936లో వాళ్లు మద్రాసులోనే ఉండిపోయారు. 1954లో వాళ్ల హైకోర్టు గుంటూరు వచ్చింది, 1956లో హైదరాబాద్ వెళ్లింది, 2019 జనవరి 1 నుంచి అమరావతి. ఒక తాత మనవలం, మధ్యలో ఒక చెక్‌పోస్టు. వాళ్ల కాగితాలు దక్షిణానికి తిరిగాయి, మావి ఉత్తరానికి. అన్నయ్య నన్ను ఏడిపిస్తాడు, ‘మీ కోర్టు 1948 నుంచి కదల్లేదురా, మాది బస్టాండులా మారుతుంది’ అని.

మాస్టారు చెప్పినవాటిలో నేను ఇప్పటికీ మరిచిపోనిది గారబంధ రైతుల కథ. గారబంధ మా పర్లాకిమిడి వైపు ఊరే, ఆ బోర్డు నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పేరు న్యాయశాస్త్రం చదివే ప్రతి కుర్రాడికీ తెలుసని మాత్రం తెలీదు. పర్లాకిమిడి జమీందారు శిస్తు పెంచమని అడిగారు. వ్యవహారం మద్రాసులోని రెవెన్యూ బోర్డు దాకా వెళ్లి, శిస్తు పెరిగింది. గారబంధ, చుట్టుపక్కల ఊళ్ల రైతులు మద్రాసు హైకోర్టుకెళ్లి, బోర్డు రికార్డు తెప్పించుకుని ఆ ఉత్తర్వు కొట్టేయమన్నారు. దాన్నే సెర్షియోరరీ రిట్ అంటారు. చివరికి అది అప్పట్లో ఆఖరి అప్పీలు వినే లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1943లో తీర్పొచ్చింది. ఆ రిట్ ఇచ్చే అధికారం మద్రాసు పట్నం హద్దుల్లోపలి సంగతులకే, గంజాం పల్లెల శిస్తు తగువుకి కాదు అన్నారు. బోర్డు ఆఫీసు పట్నంలోనే ఉంది కదా అని రైతుల తరఫున వాదిస్తే, తగువు పుట్టింది గంజాంలో కదా అన్నారు.

‘అంటే మన రైతులు ఓడిపోయారు’ అన్నాను.

‘ఓడిపోయారు. కానీ ఇప్పుడు నువ్వు వేస్తున్నదేంటి?’

1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చాక, 226వ అధికరణ కింద ప్రతి హైకోర్టుకీ తన రాష్ట్రమంతటా ఆ రిట్ ఇచ్చే అధికారం వచ్చింది. పట్నం, పల్లె తేడా లేదు. ఆ అధికరణ గురించి పుస్తకాల్లో చెప్పేటప్పుడు, అంతకుముందు ఎలా ఉండేదో చూపించడానికి మా పర్లాకిమిడి కేసే ఎత్తుకుంటారట. నా 19 సెంట్ల కోసం నేను వేసింది కూడా సరిగ్గా అలాంటిదే: రెవెన్యూ ఉత్తర్వు, పర్లాకిమిడి పొలం, రికార్డు తెప్పించుకుని చూడండి అన్న మొర. గారబంధ రైతులకి దొరకనిది నాకు ఫీజు స్టాంపు అతికిస్తే దొరికింది. టీ చల్లారిపోయింది, నేను తాగడం మర్చిపోయాను.

ఇక లోపాలు. అన్నీ బాగున్నాయని రాస్తే నమ్మరు, పైగా నిజం కాదు.

మొదటిది సమయం. నాకు మూడు పేజీలకి మొత్తం పదహారు రోజులు, మూడు బస్సు ప్రయాణాలు. అర్జెంటు అన్న మాట ఆయన దగ్గర పని చేయదు. ఒంటి గంటకి మూసేస్తారు, నాలుగుకి గానీ తెరవరు. బోర్డు మీద ఆ సంగతి లేదు. మొదటిసారి ఆ మూడు గంటలూ కింద జెరాక్స్ స్టూలు మీద కూర్చున్నాను. ఎండాకాలం వెళ్లకండి. కరెంటు పోతే ఇన్వర్టరు కంప్యూటరుకే, ఫ్యానుకి లేదు. మెట్లు నిటారుగా ఉన్నాయి, అమ్మని తీసుకెళ్దామనుకుని మానుకున్నాను. ఫోన్ ఎత్తరు. ఎత్తితే ‘రండి మాట్లాడుదాం’ అంటారు, పెట్టేస్తారు.

పేజీకి రెండు వందల యాభై తీసుకున్నారు, సాపు ప్రతికి ఏమీ లేదు. నోటరీ ఖర్చు విడిగా. రసీదు అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఇవ్వరు. అడగండి. వకీలు ఖర్చుల లెక్కలో పనికొస్తుంది. టైపింగులో రెండు పేర్ల స్పెల్లింగు తప్పొచ్చింది, ఒకటి నేను పట్టుకున్నాను, రెండోది ఇంటికొచ్చాక కనిపించింది. దాని కోసమే మూడో ప్రయాణం. డబ్బు తీసుకోకుండా సరిచేశారు గానీ, బస్సు చార్జీ నాదే కదా. సంతకం పెట్టేముందు ప్రతి పేరూ వేలు పెట్టి చూసుకోండి.

ఆయన తర్వాత ఎవరు అన్నది నన్ను తొలిచే ఇంకో సంగతి. ఆ అమ్మాయికి మాటలు తెలుస్తున్నాయి, గొలుసుకట్టు చదవడం రాదు. నేర్పుతున్నారా అని అడిగాను. ‘నేర్చుకుంటే పెళ్లికి పనికొస్తుందా?’ అని నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

ఇన్ని ప్రయాణాలు ఎందుకు, కటకే దగ్గరికి రాకూడదా అంటారేమో. హైకోర్టు బెంచి, అంటే శాఖ, పెట్టమని అటు సంబల్‌పూర్‌లో, ఇటు మా బరంపురంలో వకీళ్లు చాలా ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. రాలేదు. 2023లో 20 జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు గదులు తెరిచారు, జిల్లా కేంద్రంలో కూర్చుని తెరమీద కటక్ జడ్జిగారికి వాదన వినిపించొచ్చు. నా వకీలు కటక్‌లోనే ఉన్నారు కాబట్టి నాకు ఆ అవసరం పడలేదు. కానీ తెర దగ్గరకొచ్చినా, కాగితం ఇంగ్లీషులో ఉండాలన్న షరతు అలాగే ఉంది. దానికి తెర పెట్టలేదు ఎవరూ.

కేసు ఏమైందని అడుగుతారు కదా. వాయిదా రోజు నేనూ వెళ్లాను. బరంపురం నుంచి కటక్ రైల్లో నాలుగు గంటలు పట్టింది. వెనక బెంచీలో కూర్చున్నాను. మా నంబరు వచ్చాక నాలుగైదు నిమిషాలు, అంతే. కోర్టులో కాగితాలు తక్కువ, తెరలు ఎక్కువ. మా వకీలు చెక్కుబందీ ఉన్న పేజీ నంబరు చెప్పారు. ముందు తెర మీద నాకు దూరం నుంచి కనిపించింది, మాస్టారి ఇంగ్లీషు, మధ్యలో ‘గెడ్డ’ అన్న మన మాట, పక్కన చిన్న అంకె, కింద వివరణ. జడ్జిగారు ఆ వివరణ దాకా దించి చదివారు. అప్పుడు ఒక్క ప్రశ్న, ఈ దస్తావేజు గురించి కింది ఉత్తర్వులో ఎక్కడ చర్చించారు అని. ప్రభుత్వ వకీలు పేజీలు తిప్పారు, ఎక్కడా లేదు.

పాత ఉత్తర్వు రద్దు చేసి, దస్తావేజు చూసి, మా మాట విని, మళ్లీ నిర్ణయించమని వెనక్కి పంపారు. పొలం మాదని అనలేదు. అనరని వకీలు ముందే చెప్పారు. ఇప్పుడు కింద మళ్లీ విచారణ నడుస్తోంది. గెడ్డ చూడ్డానికి భూమి కొలిచే అమీన్ వస్తానన్నాడు, అమ్మ ఆ రోజు పొలం గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టమంటోంది.

అయిదుకి నాలుగు నక్షత్రాలు. ఒకటి తగ్గించింది మధ్యాహ్నం మూడు గంటలకి, ఆ స్పెల్లింగు తప్పుకి. వెళ్లేవాళ్లు అసలు కాగితమే తీసుకెళ్లండి, ఫోన్లో ఫోటో చూపిస్తే ఆయన కన్నెత్తి చూడరు. కాగితం మరీ మాసిపోయి ఉంటే ముందు పెద్ద సైజులో స్కాన్ తీయించుకోండి, మా స్టూడియోలోనైనా తీసిపెడతాను. పదిన్నరకి చేరేలా బయల్దేరండి. ఇంట్లో ముసలివాళ్లుంటే ఆ పొలం చుట్టూ ఏమేముండేవో ముందే అడిగి రాసుకోండి, మాస్టారు తప్పకుండా అడుగుతారు. కింద కుర్రాణ్ణి అనువాదం అని అడక్కండి, వాడికి తెలీదు. మేడ మీద మాస్టారు అనండి.